ఎర్రగుడ్డ కట్టిన సొరకాయ

డిగ్రీ చదువుకునే ఆ రోజుల్లో నా అంత కోపిష్టి మెట్టుగూడ మొత్తంలో ఇంకొకరు లేరని ఇప్పుడు చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ కోపం ఒక్కసారి కూడా నోటిదాకా వచ్చేది కాదు. గొంతు దగ్గరికి వచ్చి, అక్కడ కాసేపు నిలబడి, బయట మనుషులున్నారని చూసుకుని మళ్ళీ లోపలికే వెళ్ళిపోయేది. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు కాల్చేసేదాన్ని. మా అమ్మ చుట్టాల దగ్గర "మా పిల్లకు నోట్ల నాలుకనే లేదు" అని మురిసిపోయేది. నాలుక ఉంది. దాని మీద ఎప్పుడూ ఎవరో ఒకరికి చెప్పాల్సిన మాట కూడా సిద్ధంగా ఉండేది. మనుషులు కనబడగానే ఆ మాట కరిగిపోయి, దాని స్థానంలో ఒక వెర్రినవ్వు వచ్చేది. ఆ నవ్వును చూసి అందరూ నన్ను మంచిపిల్ల అనుకునేవారు. అదింకో కోపం.

ఇంతకీ నా కోపానికంతటికీ మూలం కూరగాయలు. మాకు కీసర దాటాక ఒక చిన్న పొలం ఉంది. నిజంగానే చిన్నది. ఈ చివర తుమ్మితే ఆ చివర నుంచి చిన్నాయన "చిరంజీవ" అనగలిగేంత. చిన్నాయన అక్కడే ఉండి సాగు చేసేవాడు. మా నానమ్మ మెట్టుగూడలో మాతో ఉంటూనే, మనసు మాత్రం అక్కడ పెట్టి, వారంలో సగం రోజులు బస్సెక్కి పోయేది. వానాకాలం బీర, కాకర, సొర. చలికాలం వంకాయ, టమాట, చిక్కుడు, మెంతికూర. ఎండాకాలం దోస, బెండ, గోంగూర. లోకమంతటికీ అవి మూడు కాలాలు. నాకు మాత్రం మూడు రకాల బరువులు. నాన్నకు ఆదివారం కూడా డ్యూటీ, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకని ప్రతి ఆదివారం పొలానికి వెళ్ళి, రెండు సంచుల నిండా కూరగాయలు నింపుకుని, బస్సులో తెచ్చే మహాభాగ్యం నాకే దక్కింది. కండక్టర్ నన్ను చూడగానే "వచ్చిందమ్మా మార్కెట్!" అనేవాడు. బస్సంతా నవ్వేది. నేను కూడా నవ్వేదాన్ని (చెప్పాను కదా, వెర్రినవ్వు).

తేవడంతో అయిపోతే బాగుండేది. పంచడం కూడా నేనే. మా నానమ్మ లెక్కలో పండినదాన్ని అమ్ముకోగా మిగిలింది వాకిలి వాకిలికీ పోవాలి. నేను తలుపు కొట్టి, కవరు చేతికిచ్చి, నేల చూపులు చూస్తూ నిలబడేదాన్ని. ఉచితంగా వచ్చిన కూరగాయలకు మనుషులు ఎన్ని వంకలు పెట్టగలరో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎదురింట్లో కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన ఆంటీ ఉండేవారు. ఆవిడ కవరు విప్పి చూసి, "మొన్నటి వంకాయల్లో పురుగొచ్చిందమ్మా, ఈసారి కాస్త చూసి తీసుకురండేం" అనేవారు. పై వాటా అంకుల్ టమాటలు నొక్కి చూసి, "ఇంక పచ్చిగనే ఉన్నయ్ కద బిడ్డా, జెర పండినంక తెస్తే మంచిగుంటుండె" అనేవాడు. నేను వాళ్ళింటి జీతగత్తెనైనట్టు! కాలేజీలో నా పుస్తకాలన్నీ మెంతివాసన కొడితే, వెనక బెంచీ వాళ్ళు నాకు "మెంతికట్ట" అని పేరు పెట్టారు. నేను ప్రేమగా చదువుకునే నవలల్లో నాయికల దగ్గర మల్లెల పరిమళం వచ్చేది. నా దగ్గర మాత్రం ఋతువును బట్టి మారేది.

ఇక అసలు కథ సొరకాయది. మా సొరకాయ బజారులో దొరికే పొడుగు రకం కాదు. కింద గుండ్రంగా, పైన సన్నని మెడతో, నీళ్ళ చెంబులా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు వండితే వెన్నలా ఉడుకుతుంది. నానమ్మ పెళ్ళై వచ్చినప్పుడు పుట్టింటి నుంచి ఆ విత్తనం కొంగున కట్టుకుని తెచ్చుకుందట. ప్రతి ఏడూ పందిరి మీద బాగా కాసిన కాయను ఒకటి రెండు కోయకుండా వదిలేసి, తొడిమకు పాత చీర అంచు నుంచి చింపిన ఎర్రగుడ్డ పీలిక కట్టేది. అంటే ఇది విత్తనపు కాయ, ముట్టొద్దు అని. ఆ కాయ ముదిరి, ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడేదాకా తీగ మీదే ఉండాలి. పొలానికొచ్చే కూలీలకు, పక్క పొలం వాళ్ళకు, చివరికి చిన్నాయన పెంచే మేకకు కూడా ఆ సంగతి తెలుసు (మేక విషయంలో నాకు కొంచెం అనుమానం ఉంది).

ఆ ఏడు కోతుల దండు పడింది. పందిరి మీద కాయలన్నీ కొరికి పారేసి పోయాయి. దాచిపెట్టిన పాత విత్తనానికి పురుగు పట్టింది. మిగిలింది ఒకే ఒక్క కాయ. పందిరి మధ్యలో, ఆకుల చాటున ఉండబట్టి బతికింది. నానమ్మ దానికి మామూలు కంటే పెద్ద గుడ్డ కట్టి, "ఇది పోతే ఇంక మనకు ఈ సొర లేనట్టే" అని అందరికీ చెప్పింది. చలికాలం వచ్చేసరికి దాని తోలు గట్టిపడింది. ఇంకా ఎండాల్సి ఉంది. నానమ్మ పొలానికి పోయినప్పుడల్లా దాన్ని పలకరించేది. నన్నైనా అంత ప్రేమగా ఎప్పుడూ పలకరించలేదు.

సరిగ్గా అప్పుడే మారేడ్‌పల్లి పెద్దమ్మ పొలం చూడటానికి వచ్చింది. పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య, నానమ్మకు పెద్దకోడలు. జనరల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం ఉన్నవాళ్ళ ఆడపిల్ల. పెళ్ళైన ఇన్నేళ్ళలో పొలం గట్టు తొక్కలేదు. ఆమెకూ నానమ్మకూ గొడవలేమీ ఉండేవి కావు. గొడవ పడాలన్నా మాట్లాడుకోవాలి కదా! అయితే ఆ మధ్య వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళందరికీ మందులు కొట్టని కూరగాయల పిచ్చి పట్టింది. "మాకు సొంత ఫామ్ ఉంది" అని పెద్దమ్మ అనేసింది. అన్నాక చూపించక తప్పదు. ఒక ఆదివారం కారు నిండా స్నేహితురాళ్ళను వేసుకుని దిగింది. నానమ్మ ఆ రోజు పక్క ఊళ్ళో పెళ్ళికి పోయింది. చిన్నాయన మోటారు దగ్గర ఉన్నాడు. నేను బావి దగ్గర ముల్లంగులు కడుగుతున్నాను. వాళ్ళు వంగమొక్కల మధ్య నిలబడి ఫొటోలు దిగారు, టమాటలను చెంపలకు ఆనించుకున్నారు, ఒకావిడ బురదలో చెప్పు పోగొట్టుకుని కేకలు పెట్టింది. నాకు అదంతా చూస్తే ఒళ్ళు మండింది. మేము వంగి వంగి కలుపు తీసిన చోటది. వాళ్ళకు అది ఫొటో వెనకాల పచ్చరంగు. ముల్లంగిని మామూలు కంటే గట్టిగా తోమాను. అంతే నా నిరసన.

సాయంత్రం నానమ్మ పెళ్ళి నుంచి నేరుగా పొలానికి వచ్చింది. చేతిలో సంచి కింద పెట్టకముందే పందిరి కిందికి వెళ్ళింది. ఆకులు పక్కకు తీసి చూసింది. తర్వాత మొదలైంది. "మీ ఇల్లు గూల! మీ తోకలు తెగిపోను! నా ఒక్కగానొక్క కాయ మీ కంట్లనే పడాల్నా! ఇంకేం దొరకలేదా మీకు! సెట్టుకు సెట్టు దిరిగి ఆకలికి సావుండ్రి!" కోతులకు తిట్లు సరిపోక, వాటి పిల్లలను, పుట్టబోయే పిల్లలను కూడా కలిపి తిట్టింది. చిన్నాయన కర్ర పట్టుకుని వచ్చాడు. నేను తీగ కింద వెతికాను. కొరికి పారేసిన ముక్క ఒక్కటీ లేదు. తొడిమ కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. అప్పుడే నా ఫోన్ మోగింది. మా కుటుంబం గ్రూపులో పెద్దమ్మ ఫొటో పెట్టింది. చేతుల్లో పసిపిల్లను ఎత్తుకున్నట్టు సొరకాయ, దాని మెడకు ఎర్రగుడ్డ, పెద్దమ్మ ముఖం నిండా నవ్వు. కింద "ఫ్రమ్ అవర్ ఫామ్" అని రాసింది.

అవర్! ఆ ఒక్క మాటకు నా నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ఏ రోజు ఒక సంచి మోసిందని అవర్? ఏ కండక్టర్ చేత నవ్వించుకుందని అవర్? ఫోన్ నానమ్మకు చూపించాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని, దగ్గరికి పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చాలాసేపు చూసింది. చిన్నాయన వైపు తిరిగి, "కట్టె పక్కకు వెట్టురా. కోతి దొరికింది" అంది.

ఫోన్ చేస్తే పెద్దమ్మ ఎత్తలేదు. మర్నాడు పొద్దున అమ్మ నన్ను పట్టుకుంది. "నువ్వే పోయి తేవాలె. మీ నానమ్మ పోతే యుద్ధమైతది. నేను మాట్లాడితే తోటికోడలు ఎత్తిపొడిచింది అనుకుంటది. నువ్వైతే ఏం మాట్లాడవు కద, మంచిగుంటది" అంది. నోరు లేనిదాన్ని కాబట్టి రాయబారం నాకట! ఆ కోపంతోనే ఆటో ఎక్కాను. స్టేషన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ చెప్పాల్సిన మాటను అప్పజెప్పుకున్నాను. పెద్దమ్మా, అది కూర కాయ కాదు, విత్తనపు కాయ, దయచేసి తిరిగి ఇవ్వండి. చిన్న మాటే. పదో తరగతి పద్యాల కన్నా సులువు.

పెద్దమ్మ ఇంట్లో ఆ రోజు భోజనానికి పిలుపు. నిన్నటి స్నేహితురాళ్ళే హాల్లో కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలోనే "పెద్దమ్మా, అది..." అన్నాను. ఆ మాట నా చెప్పుల దాకా కూడా చేరలేదు. "అరె, నువ్వా బిడ్డా! దా, దా. ఎంత చిక్కిపోయినవే. ముందు టిఫిన్ తిను" అని చేతిలో ఉప్మా ప్లేటు పెట్టింది. "పెద్దమ్మా, ఆ కాయ..." అన్నాను. "ఆ, దాన్నే చేయిస్తున్న. నువ్వు సుత తినిపో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళంతా కోపం, చేతిలో ఉప్మా. ఏం చేయాలో తెలియక తిన్నాను. ఉప్మా బాగుంది. దాంతో ఇంకా కోపం వచ్చింది.

వంటింట్లోంచి వంటామె గొంతు వినబడుతోంది. "అమ్మా, ఇది సొరకాయ కాదమ్మా, బండరాయి. కత్తి దిగుతలేదు. నా చెయ్యి పోయేటట్టున్నది."

"దేశవాళీ అట్లనే ఉంటదే. జెర గట్టిగ కొయ్యి."

"కొయ్యనీకి ఇది మెత్తగుంటె కద! కొబ్బరికాయ కొట్టే కత్తి తేవాల్నా?"

"తే మరి, తొందరగ!"

ధబ్బుమని ఒక దెబ్బ పడింది. ఆ దెబ్బ నా గుండె మీద పడ్డట్టయింది. ఇక ఆ తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. నేను ఉప్మా ప్లేటుతో సహా వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఎవరో గట్టిగా అరుస్తున్నారు. ఆ అరిచేది నేనే. అదీ మామూలుగా కాదు. ఇన్నేళ్ళు నా కోపమంతా పుస్తకాల మధ్య, డైరీల్లో పెరిగింది కదా, బయటికొచ్చేటప్పుడు కూడా ఆ బట్టలతోనే వచ్చింది. "ఆపండి! ఇది ఘోరం! ఇది అమానుషం! మీరు ఒక వంశాన్ని నిర్మూలిస్తున్నారు!" అన్నాను.

వంటామె కత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, "అయ్యో, నేనేం జేసిన బిడ్డా! నన్ను కొయ్యమన్నరు, కోస్తున్న!" అంది. హాల్లోంచి స్నేహితురాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "ఎవరి వంశం?" అని ఒకావిడ కంగారుగా అడిగింది. నేను ఆగలేదు. అది విత్తనపు కాయ అన్నాను. అది ఒక్కటే మిగిలిందన్నాను. ఎర్రగుడ్డ కడితే ముట్టకూడదని మేకకు కూడా తెలుసన్నాను. అక్కడితో ఆపితే మర్యాదగా ఉండేది. కానీ తలుపు ఒకసారి తెరుచుకున్నాక లోపల ఉన్నవన్నీ వచ్చాయి. సంచులు, బస్సు, పురుగుల వంకాయలు, పచ్చి టమాటలు, నా పుస్తకాల మెంతివాసన. "అవర్ ఫామ్ అట! అవర్! మీరు ఏనాడైనా ఒక్క కలుపుమొక్క పీకారా? మట్టి అంటితే కాళ్ళు కడుక్కోవడానికి మినరల్ వాటర్ అడిగారు!" (అడిగింది పెద్దమ్మ కాదు, చెప్పు పోగొట్టుకున్న ఆవిడ. ఆవిడ అక్కడే ఉంది. తల దించుకుంది.)

నా మాటలు అయిపోయాయి. పొయ్యి మీద కుక్కర్ ఒక్కటే మాట్లాడుతోంది. పెద్దమ్మ తిరిగి అరుస్తుందనుకున్నాను. ఆమె సొరకాయ వైపు చూస్తూ, చాలా చిన్న గొంతుతో, "అయితే ఆ గుడ్డ నా కోసం కట్టలేదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"మా నాయిన దుకాణంల గట్లనే చేస్తుండె. ఎవరన్న బిందెనో, గుండిగనో మాట్లాడుకొని పోతే, దానికి ఎర్రగుడ్డ కట్టి పక్కకు వెట్టేది. ఇంక అది వాళ్ళదే. ఎంత పెద్ద గిరాకి వచ్చినా ఇయ్యకపోయేది. నేనొస్తున్న అని మీ చిన్నాయనకు ముందుగాల్నే చెప్పిన. పందిరంత చూసిన, ఒక్కదానికే గుడ్డ ఉన్నది. అత్తమ్మ నా కోసం తీసిపెట్టింది అనుకున్న." ఇక్కడ ఆమె గొంతు మారింది, చూపు నా మీదికి తిరిగింది. "అనుకోనీకి సుత లేదా? ఇన్నేండ్లల్ల మీ నానమ్మ నాకు ఒక్క మిరపకాయ చేతికియ్యలే. సంచిల వేసి ఎవరితోనన్న పంపిస్తది. ఎన్నడన్న నా చేతిల వెట్టిందా? అడుగు పోయి! మీకు కోపాలుంటయ్, మాకు ఉండొద్దు!"

నేను అంత కష్టపడి బయటికి తెచ్చిన కోపం, నిలబడటానికి చోటు లేక ప్లేటులో మిగిలిన ఉప్మా వైపు చూసింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, కాయను తనే పాత దుప్పటి ముక్కలో చుట్టింది. కత్తి దెబ్బ తోలు మీద చిన్న గాటు పెట్టిందే గానీ లోపలికి దిగలేదు. "తీస్కపో. మీ ఇత్తనం మీరే ఉంచుకోండ్రి" అని నా చేతుల్లో పెట్టి, వంటామెతో "పప్పు పెట్టు" అంది. స్నేహితురాళ్ళు నాకు దారి ఇచ్చారు. అంత గౌరవంగా నాకు ఎవరూ ఎప్పుడూ దారి ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాను. అమ్మ మాత్రం "నువ్వా? అరిచినవా? నువ్వు?" అని అదే అడుగుతూ కూర్చుంది. నానమ్మ గాటు మీద బూడిద రాసి, కాయను కిటికీ ఊచకు వేలాడదీసింది. ఎండాక గింజ పనికొస్తుందో లేదో అప్పుడే చెప్పలేం అంది. తర్వాత, పెద్దమ్మ ఎర్రగుడ్డను ఏమనుకుందో విని పగలబడి నవ్వింది. "నేను దానికోసం గుడ్డ కట్టిన్నా! మంచిగున్నది!" అని మళ్ళీ మళ్ళీ నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది. "మిరపకాయ సుత ఇయ్యలే అన్నదా?" అని అడిగింది. అన్నదని చెప్పాను. "గట్లనే అన్నదా?" అంది. గట్లనే అన్నదని చెప్పాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. అది నా మీద కోపమో, ఇంకెవరి మీదో తెలియలేదు.

కాయ బాగా ఎండి, ఊపితే చప్పుడు చేసే రోజు వచ్చింది. "మారేడ్‌పల్లిదాన్ని రమ్మను. అదొచ్చి పలగ్గొట్టాలె" అని నానమ్మ ఆజ్ఞ. పెద్దమ్మ మూతి ముడుచుకునే వచ్చింది. కాయను నేల మీద పెట్టి రోకలి చేతికిచ్చారు. అటూ ఇటూ తిప్పి మెల్లగా ఒక దెబ్బ వేసింది.

"గట్ల గాదు. నెత్తి మీద గట్టిగ కొట్టు" అంది నానమ్మ.

"ఎవరి నెత్తి మీద అత్తమ్మా?" అంది పెద్దమ్మ.

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. కాయ పగిలింది. గింజలను నీళ్ళలో వేస్తే చాలా వరకు తేలిపోయాయి, తాలు. మునిగినవి కొన్నే. అవే మా సొర వంశంలో మిగిలినవాళ్ళు. నానమ్మ వాటిని తుడిచి, సగం తన కొంగున కట్టుకుని, మిగతావి పెద్దమ్మ అరచేతిలో పోసి, ఆ చెయ్యి మూసింది. "ఒక్క చోటనే ఉంటే ఎట్లనో ఒకట్ల పోతయ్. నువ్వు కొన్ని పెట్టుకో" అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అంత కోపం తెచ్చుకుని అరిచిన నన్ను అయితే ఎవరూ చూడనే లేదు.

ఇదంతా చక్కగా ముగిసిందని మీరనుకుంటే పొరపాటే. పెద్దమ్మ వానలు పడగానే తన మూడో అంతస్తు బాల్కనీలో గోనె సంచుల్లో సొర పెట్టింది. ఇక రోజూ ఫోన్లు. "నీళ్ళు ఎక్కువ పోస్తున్నవ్, కుళ్ళుతది." "మీకేం కనబడుతున్నది అత్తమ్మా అక్కడికెల్లి?" "నాకు అన్ని కనబడుతయ్!" ఇన్నేళ్ళు మాట్లాడుకోని ఇద్దరూ కరువు తీరా పోట్లాడుకున్నారు. తీగ గ్రిల్లంతా పాకి, పక్క ఫ్లాట్ వాళ్ళ బట్టల తాడెక్కి, కాయలు కాసింది. ఆ తీగకు ఎరువు కావాలి. మారేడ్‌పల్లిలో పేడ ఎరువు దొరకదు. పొలం నుంచి ఎవరు తేవాలి? నేనే! అంతకు ముందు కూరగాయలు మోసేదాన్ని, ఇప్పుడు పేడ కూడా. ఒకసారి ఆటో అన్న ముక్కు మూసుకుని, "ఏందక్కా ఇది, బండిని బర్లకొట్టం చేస్తవా?" అన్నాడు. నా కోపం సర్రున లేచింది. ఒకసారి అరిచినదాన్ని, దారి తెలిసినదాన్ని. ఊపిరి పీల్చుకుని, నోరు తెరిచి, "సారీ అన్నా" అన్నాను.

ఆ గొంతు మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. మొన్న మీటింగులో నేను వారమంతా కూర్చుని చేసిన పనిని ఇంకొకాయన తనదిగా చెప్పుకుంటుంటే, పక్కనే ఉండి "పర్లేదు సర్" అన్నట్టు తల ఊపాను. ఇంటికొచ్చి డైరీ తెరిస్తే, ఎవరింటి వంటింటి గుమ్మంలోనో ప్లేటు పట్టుకుని, వంశాలు నిర్మూలమవుతున్నాయని గావుకేకలు పెడుతున్న ఒక పిల్ల గుర్తొచ్చింది. ఎంత నవ్వొచ్చిందో. ఆ పిల్లను ఒక్కసారి మా ఆఫీసుకు తీసుకెళ్ళాలని కూడా అనిపించింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గొంతు సవరించుకుని "ఆపండి!" అని అని చూస్తుంటాను. బాగానే వస్తుంది. పక్కింటి వాళ్ళకు వినబడిందేమోనని వెంటనే టీవీ పెట్టేస్తాను.